పప్పుల కౌంటరులో కొసరు

"రేపు మీ ఆయన్ని వెంటబెట్టుకుని రండి" అన్నాడు మేనేజర్, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

నవనీత తలూపి బయటికొచ్చి మళ్లీ పప్పుల కౌంటరు దగ్గర నిలబడింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని, బడిలో అల్లరి చేసిన పోరినన్నట్టు, ఇంటి పెద్దను పిలుచుకురమ్మంటున్నాడు. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకాలే కోపమూ వచ్చింది కానీ లైనులో నలుగురు ఎదురుచూస్తున్నారు, కోపానికి తీరిక లేదు.

ఆమె చేసిన నేరం గుప్పెడు కందిపప్పు. మంచిర్యాలలోని ఆ మార్టులో పప్పులు తూచి ఇవ్వడం ఆమె పని. సంచిలో పోయాలి, కాటా మీద పెట్టాలి, మిషన్లోంచి వచ్చిన చీటీ అంటించాలి, మూతి కట్టాలి. నిన్న ఐలవ్వ వచ్చింది. నస్పూర్‌లో నవనీత వాళ్లకు దుకాణం ఉన్న రోజుల్లో నెలనెలా సామాను తీసుకెళ్లిన ముసలామె. చీటీ అంటించాక నవనీత చెయ్యి తనంతట తానే పప్పులోకి పోయి, ఒక గుప్పెడు తీసి సంచిలో వేసింది. కొసరు వేయకుండా మూతి కట్టడం ఆ చేతికి అలవాటు లేదు. "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని ఐలవ్వ వెళ్లిపోయింది. పైనున్న కెమెరా ఇదంతా చూసింది.

దుకాణం అంటే గని కార్మికుల క్వార్టర్లకు ఎదురుగా ఉన్న చిన్న కిరాణం. పద్నాలుగేళ్లు నడిచింది. బోర్డు మీద భర్త సంపత్ పేరే ఉండేది. పొద్దుటి షిఫ్టుకు పోయేవాళ్ల కోసం ఐదింటికే షట్టరు ఎత్తేది మాత్రం నవనీత. రాళ్లు ఏరి, పప్పు చెరిగి, పొట్లాలు కట్టి, మధ్యలో పొయ్యి మీద అన్నం చూసుకుని వచ్చేది. సంపత్ తొమ్మిదింటికి స్నానం చేసి, ఊదుబత్తి ముట్టించి గల్లా మీద కూర్చునేవాడు. గల్లా మీద కూర్చునేవాడిదే కదా దుకాణం! అత్త శంకరవ్వ చుట్టాలకు చెప్పేటప్పుడు, "మా కోడలు దుకాణంల గూడ ఇంత చెయ్యేస్తది" అనేది, మెచ్చుకోలుగానే. మార్టు పెట్టిన రెండేళ్లకు దుకాణం మూతపడింది. చుట్టాలొచ్చి సంపత్ భుజం మీద చెయ్యి వేసి ఓదార్చారు. నవనీత అందరికీ చాయ్ పెట్టింది.

అప్పటి నుంచీ సంపత్‌కు మాట్లాడటమే పని అయింది. హోటల్లో పేపరంతా చదివి, దేశం ఎందుకు చెడిందో వచ్చేపోయేవాళ్లకు వివరిస్తాడు. పెద్ద కంపెనీలను ఊళ్లమీదికి వదిలింది సర్కారట. చిన్న దుకాణాల నోట్లో మన్ను కొట్టింది కంపెనోళ్లట. ఆ సర్కారే ఆడవాళ్లకు ఉత్తగ బస్సులిచ్చి సంసారాలను కూడా రోడ్డెక్కించిందట. నవనీత ఇదంతా వంటింట్లోంచి వింటుంది. మొదటి రెండు మాటలు నిజమేననిపిస్తుంది, ఆమెకూ కడుపు మండుతుంది. కానీ ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి తిన్న పళ్లెం తీయకపోవడానికి ఏ సర్కారు కారణమో, ఏ కంపెనీ అడ్డుపడిందో ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ మాట ఒకసారి అడగబోతే శంకరవ్వ అడ్డుకుంది. "వాని మనసు కరాబైంది, పని చెప్పకు" అంది. దుకాణం నవనీతకూ పోయింది. ఆమె మనసు సంగతి ఎవరూ అడగలేదు. పొద్దున నాలుగున్నరకు లేచి ఇల్లు సర్ది, వండి, డబ్బా కట్టుకుని, బస్సెక్కి వస్తోంది కాబట్టి బాగానే ఉందనుకున్నారు.

ఈ కొలువు పోతుందంటే ఆమెకు భయమేసింది. జీతం ఒక్కటే కాదు. ఇక్కడ రోజూ ఎవరో ఒకరు, "గీ పప్పు ఉడుకుతదా?" అని అడుగుతారు, చెబితే నమ్ముతారు. ఇంట్లో ఆమెను నమ్మి అడిగేవి ఉప్పు డబ్బా ఎక్కడుందనీ, చొక్కా ఎక్కడుందనీ.

చిత్రంగా, మేనేజర్ పిలిచాడని చెబితే సంపత్ తిట్టలేదు. చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు. "నేను మాట్లాడుత, నువ్వు నోరు మెదపకు" అన్నాడు. మర్నాడు బస్సులో కండక్టర్ ఆమెకు జీరో టికెట్ ఇచ్చి ఆయన దగ్గర డబ్బులు తీసుకుంటే మాత్రం మంచిర్యాల దాకా మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

మేనేజర్ సంపత్‌ను కూర్చోమన్నాడు. నవనీత గోడ పక్కన నిలబడింది.

"ఆడమనిషి సార్, తెల్వక చేసింది. జర మాఫ్ చేయుండ్రి" అన్నాడు సంపత్.

తెలియక కాదు, అనుకుంది నవనీత. కొసరు వేసిన చోటికే గిరాకీ మళ్లీ వస్తుందని తెలిసే ఆ చెయ్యి అట్లా తయారైంది.

సంపత్ గొంతు సవరించుకున్నాడు. "అసలు సంగతేందంటే సార్, మాది పద్నాలుగేండ్ల దుకాణం. ఈమెను ఇంటికాడ ఉంచుత. గీ జాగల నన్ను పెట్టుకోండ్రి. పప్పుల సంగతి నాకు తెల్వంది లేదు."

ఇస్త్రీ చొక్కా ఎందుకో నవనీతకు అప్పుడర్థమైంది.

మేనేజర్ కుర్చీలో ముందుకు వంగాడు. పప్పుల సెక్షన్‌కు ఒక సూపర్‌వైజర్ కావాలని తను పైవాళ్లను అడుగుతూనే ఉన్నానని, జీతం కూడా ఎక్కువేనని చెప్పాడు. "పోయిన వానాకాలం ముప్పై బస్తాల కందిపప్పుకు పురుగు పట్టింది. మీ దుకాణంలో అట్లా కాకుండా ఏం చేసేవాళ్లు?"

సంపత్ నోరు తెరిచాడు. తర్వాత తల తిప్పి నవనీత వైపు చూశాడు.

పద్నాలుగేళ్లూ అంతే. సరుకు గురించి ఎవరేమడిగినా గల్లా మీంచి తల వెనక్కి తిప్పేవాడు. బస్తాల చాటు నుంచి ఆమె మెల్లగా చెప్పేది, ఆయన గట్టిగా చెప్పేవాడు. అది ఇద్దరికీ ఎప్పుడూ వింతగా తోచలేదు. ఇప్పుడూ జవాబు ఆమె నాలుక చివరనే ఉంది. కందులు ఏ ఊళ్లో కొనాలో, పప్పుకు ఎన్ని ఎండలు చూపించాలో, బస్తా అడుగున ఎంత వేపాకు వేయాలో, అంతా. చెబితే ఆయనకు నౌకరీ వస్తుంది, ఇంట్లో శాంతి ఉంటుంది, తను మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుంది. చెప్పకపోతే సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"చెప్పవేందే" అన్నాడు సంపత్, పళ్ల బిగువున.

మేనేజర్ మొదటిసారి ఆమె మొహం చూశాడు. "మీకు తెలుసా?"

"తెలుసు సార్" అంది నవనీత. "చెప్తే ఆ నౌకరీ ఎవరికిస్తరో ముందుగాల మీరు చెప్పుండ్రి."