అబాదాన్ ఉత్తరాల దొంగ

"పన్నెండు దాకా ఆగుతాను. ఆ తర్వాత నీ థీసిస్ దొంగ సరుకని రాసేసి రైలెక్కుతాను," అంది రాజాంబాళ్.

సురేఖ గోడ గడియారం వంక చూసింది. ఇంకా తొమ్మిది నిమిషాలు! అసలు ఉత్తరాల పెట్టెతో ఊరి నుంచి బయల్దేరిన నాయన ఇంకా రాలేదు.

మద్రాసు నుంచి పరీక్ష చేయడానికి వచ్చిన ఆ ప్రొఫెసరమ్మ ముందు రెండు కాగితాల కట్టలున్నాయి. ఒకటి సురేఖ ఐదేళ్ల కష్టం. 1953లో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్‌ను కూలదోసిన కుట్ర మీద పరిశోధన. రెండోది పోయిన నెల ఢిల్లీ పత్రికలో అచ్చయిన వ్యాసం. సురేఖ మూడో అధ్యాయమే అది, మక్కికి మక్కి. ఆధారాలూ అవే: 1951లో అబాదాన్ చమురు కర్మాగారంలో తాపీపని చేసిన, తమిళనాడు గుడియాత్తం ఊరి మేస్త్రి ఇంటికి రాసిన ఉత్తరాలు. వ్యాసం కింద పేరు మాత్రం ఇదే కాలేజీ లెక్చరర్ శివప్రకాశానిది.

"అవి మా తాత జయరాములు రాసినవి మేడమ్! తప్పులు దిద్దమని అధ్యాయం ఈ సారుకే ఇచ్చాను."

పక్క కుర్చీలో కూర్చున్న శివప్రకాశం నవ్వాడు. తంజావూరు వైపు మనిషి, మాటకారి. "తాత నీవాడైతే శ్రమ కూడా నీదేనా? గుడియాత్తం వెళ్లి, ఆ తమిళ ఉత్తరాలు చదివి, ఇంగ్లీషులో పెట్టింది నేను. నా వ్యాసం నువ్వు ఎత్తేశావు."

తమిళ ఉత్తరాలా! సురేఖ చటుక్కున తలెత్తింది. ఇంత సేపూ ఈ మాట ఎలా పట్టుకోలేకపోయింది?

తలుపు ధడాలున తెరుచుకుంది. సున్నం మరకల చొక్కా, చంకలో రేకుపెట్టె. సురేఖ నాయన సుబ్బరాయులు.

"బస్సు టైరు పగిలిందమ్మా. లారీ పట్టుకోని వచ్చినా. ఇదో పెట్టె!"

"మేడమ్, ఇందులోంచి మీరే ఒకటి తీసి సారును చదవమనండి," అంది సురేఖ.

రాజాంబాళ్ మధ్యలోంచి ఒకటి లాగింది. ముత్యాల్లాంటి తమిళ అక్షరాలు. శివప్రకాశం ధీమాగా అందుకున్నాడు. ఒక వాక్యం, రెండు వాక్యాలు. అక్షరాలు పలుకుతున్నాయి, అర్థం మాత్రం అందడం లేదు.

"ఏమని రాశాడు?"

"పాత యాస మేడమ్... గుడియాత్తం వైపుది."

"యాస గాదు సామీ, తెలుగు!" సుబ్బరాయులు పగలబడి నవ్వాడు. "ఇంట్లో మాది తెలుగు, బళ్లో నేర్చింది తమిళ అక్షరం. దాంతోనే రాసుకుంటాం. మీరు చదవతా ఉంటే నాకు తెలస్తానే ఉండాది." రాజాంబాళ్‌కు తమిళంలో మార్చి చెప్పాడు: "తెల్లోళ్లంతా ఓడెక్కి పోయినారు. గొట్టాల్లో పొగ లేదు. నూనె పోగొట్టుకున్నోళ్లు ఊరికే ఉండరు, ఈ ప్రధానికి ఎసరు పెడతారు చూడు."

రాజాంబాళ్ వేలు సురేఖ అధ్యాయం మీద పరుగెత్తింది. ప్రతి మాటా సరిపోయింది. ఆమె పెన్ను మూత తీసింది.

"ఇది నష్టపోయినవాళ్ల నోటే రావాలి. గట్టిగా చెప్పమ్మా, దొంగ ఎవరు?"

ఐదేళ్లుగా సురేఖ అతన్ని 'సార్' అనే తప్ప పేరు పెట్టి పిలిచింది లేదు. నాయన వంక ఒక్కసారి చూసి, వేలెత్తి చూపింది.

"శివప్రకాశం!"