బానెట్ మీద తడి గోనె

కంచరపాలెం మెట్ట ఎత్తు మీద వేడెక్కి ఆగిపోయే ప్రతి కారులోనూ వెనక సీట్లో ఒకే ముసలావిడ కూర్చుని ఉంటుంది. కారు మారుతుంది, తోలే మనిషి మారతాడు, ఆవిడ మాత్రం మారదు. ఆకుపచ్చ నేత చీర, ఒళ్లో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ, దాని మూత మీద రెండు అరచేతులూ.

దాలినాయుడు ఈ సంగతి కనిపెట్టింది సోమవారం నాడు. అంతకుముందు ఎన్నేళ్లుగా కూర్చుంటోందో ఆ సింహాద్రప్పన్నకే తెలియాలి. ఆ ఎత్తు మీద ఆగిపోయిన బళ్లకి సాయం చెయ్యటం అతని పని. ఫోను రాగానే పాత వ్యానులో నీళ్ల డబ్బాలూ, గోనె సంచులూ, లాగే తాడూ పడేసుకుని బయల్దేరతాడు. పనిమంతుడే, కాదనను. కాకపోతే మనుషుల మొహాలు చూసే అలవాటు లేదు. బానెట్ చూస్తాడు, అంతే.

అతని పద్ధతి అతనికుంది. ముందు కారులో హీటరు పూర్తిగా పెట్టిస్తాడు. ఎండలో హీటరేంటయ్యా అని ఎవరు అరిచినా వినడు. ఇంజను వేడి అలాగే బయటికొస్తుంది మరి. తర్వాత బానెట్ మీద తడి గోనె పరిచి కాసేపు ఆగుతాడు. గోనె తీసి మడతపెట్టి, చేతి వెనక వైపు బానెట్‌కి ఆనించి ఇరవై దాకా లెక్కపెడతాడు. ఇరవై దాకా చెయ్యి నిలిస్తే అప్పుడు రేడియేటరు మూత తిప్పుతాడు. పంతొమ్మిదికి కాలినా మళ్లీ ఒకటి నుంచే. తొందరపడి మూత తీసి మొహాలు కాల్చుకున్నవాళ్లని అతను బోలెడుమందిని చూశాడు. వాళ్లని తిట్టినన్ని తిట్లు తన బావమరుదుల్ని కూడా తిట్టలేదు.

సోమవారం తెల్ల కారాయన్ని అడుగుతాడు. "వెనకాలెవరండీ?"

"మా అత్తయ్యగారు."

సరే అనుకుంటాడు. గంట తర్వాత ఎర్ర కారులో బ్యాంకు అమ్మాయి కూడా మా అత్తయ్యగారే అంటుంది. మూడో ఫోను టాక్సీ గౌరీశుది. ఆ కుర్రాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ దాలినాయుడికి తెలుసు.

"నీకు పెళ్లి కాలేదు. మీ అయ్యకి అప్పసెల్లెల్లు లేరు. నీకు అత్తెక్కణ్ణించొచ్చిందిరా?"

"కారెక్కీసింది కదా బాబాయ్. ఇంత ఎండలో దిగిపొమ్మంటావేటి?" అంటాడు గౌరీశు.

దాలినాయుడు గోనె తడిపి బానెట్ మీద పరుస్తాడు. కానీ మనసులో ఏదో పురుగు తొలవటం మొదలుపెడుతుంది.

ఆ మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్తాడు. అతని పెళ్లాం పైడితల్లికి పోయిన దీపావళికి ఎడమ పక్క పడిపోయింది. కాలు కొంచెం తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. గిల్లినా తెలియదు, గుచ్చినా తెలియదు. ఆ చేతికి తెలిసేదల్లా ఒక్కటే, మొగుడి అరచేతి వేడి. ఈ ఒక్కటీ తెలుస్తున్నంత కాలం చెయ్యి పూర్తిగా చచ్చిపోయినట్టు కాదని ఆసుపత్రిలో చెప్పారు. అందుకని దాలినాయుడు రోజూ అన్నం తినగానే ఆ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని అరగంట కూర్చుంటాడు. అన్ని పనుల్లోనూ ఇదొక్కటే అతనికి ప్రాణం.

సోమవారం కూడా అలాగే కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాక పైడితల్లి అంటుంది. "ఏటి మావా, ఈయేల సెయ్యట్టుకోవా?"

దాలినాయుడు తన చేతులకేసి చూసుకుంటాడు. పట్టుకునే ఉన్నాడు మరి.

అప్పటినుంచి చూసుకుంటే అన్నీ తెలుస్తాయి. టీ గ్లాసు పట్టుకుంటే రెండు గుక్కల్లో చల్లారిపోతోంది. మే నెల నడి ఎండల్లో, తలకి రాసుకుందామని పోసుకున్న కొబ్బరినూనె అరచేతిలో గడ్డకడుతోంది. ఇంకేం కావాలి, అనుకుంటాడు. ఆ ముసలిదే. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి లెక్కపెడుతుంటే వెనక కూర్చుని నా వేడి లాగేస్తోంది. లేకపోతే ఆ క్యారేజీ అంచుల్లోంచి ఆవిరెందుకొస్తుంది? మూత మీంచి చేతులెందుకు తియ్యదు?

మంగళవారం ఒక పరీక్ష పెడతాడు. వెనక తలుపు సరిగ్గా పడలేదన్నట్టు తెరిచి, వేలికున్న గ్రీజు ఆవిడ పైట చివర అంటిస్తాడు. ఆవిడ మరకని చూస్తుంది, అతన్ని చూస్తుంది. ఆ కారు స్టార్టయి ఎత్తెక్కి వెళ్లిపోతుంది. కిందనించి ఇంకో కారువాళ్లు ఫోను చేస్తారు. పరుగున వెళ్లి చూస్తే వెనక సీట్లో ఆవిడ, పైట చివర గ్రీజు మరక. బుధవారం నాటికి మరక చుట్టూ సబ్బుతో రుద్దిన గుర్తు కూడా ఉంది. దొంగ కాకపోతే మరక ఎందుకు ఉతుక్కుంటుంది, అనుకుంటాడు దాలినాయుడు. అనుమానం పట్టుకుంటే ఇంతే, సబ్బు కూడా సాక్ష్యమే.

గురువారం పైడితల్లికి మొత్తం చెప్తాడు. పైడితల్లి నవ్వుతుంది.

"ఊల్లో అందరికీ అత్తున్నాది, నాకే లేదు. నువ్వు పురిట్లో ఉండగానే మీ అమ్మ పోయింది. గోడకి ఫోటో అయినా లేదు. ఉంటే నాను కూడా ఓ కారెక్కించీదాన్ని."

"నవ్వులాట కాదే పైడీ. నీ సెయ్యి ఆ క్యారేజీలో ఉంది."

పైడితల్లి నవ్వు ఆపేస్తుంది. ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కుని దానికేసి చూస్తుంది. "అయితే తే మావా," అంటుంది.

శుక్రవారం పన్నెండు గంటలకి, నిప్పులు చెరిగే ఎండలో, పెళ్లాన్ని వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని దాలినాయుడు ఎత్తెక్కటం మొదలుపెడతాడు. రేడియేటరులో నీళ్లు సగమే ఉంచాడు. కావాలనే. వేడి చూపించే ముల్లు ఎరుపులోకి వెళ్తుంది, వాసనొస్తుంది, సరిగ్గా మలుపు దగ్గర వ్యాను ఆగిపోతుంది. ఆ వ్యానులో వెనక సీటు లేదు. నీళ్ల డబ్బాల కోసం ఎప్పుడో పీకేశాడు. ఇప్పుడు తిరిగి చూస్తే సీటుంది. సీటులో ఆవిడుంది.

"దొరికావు!" అంటాడు దాలినాయుడు. "నా సేతిలో యేడి నీ క్యారేజీలో ఉంది. మరేదగా ఇచ్చీ."

"ఉంది," అంటుంది ఆవిడ. గొంతు మెత్తగా ఉంది. "నాను తియ్యలేదు నాయనా. ఏ బానెట్ మీద సెయ్యెట్టినా కొంత అక్కడే ఒగ్గీసి ఎల్లిపోతన్నావు. గాలికి పోద్దేమోనని ఏరి దాస్తన్నాను."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు నన్నెప్పుడడిగేవు? ముందు కూకున్నోల్లని అడిగేవు."

ఈ మాట నిజమే. నిజమైనందుకే దాలినాయుడికి ఒళ్లు మండిపోతుంది. చెయ్యి చాపి క్యారేజీ లాక్కుంటాడు. ఆవిడ అడ్డుపడదు. "ఆగు. ఇరవై దాకా లెక్కెట్టి తెరు, లోపల కుతకుతలాడతంది," అంటుంది, అంతే.

ఎవరితో చెప్తోంది చూడండి. ఇరవై లెక్క నేర్పినవాడే అతను! అయినా ఆ క్షణంలో అతనికి ఆ మాట కూడా ఎత్తుగడలాగే వినిపిస్తుంది. లెక్కపెట్టడు. పెట్టకుండా మూత తిప్పేస్తాడు.

ఇన్నేళ్ల వేడి ఒక్కసారిగా వచ్చి అతన్ని పట్టుకుంటుంది. అరిచేందుకు నోరు తెరిస్తే ఆవిరి వస్తుంది. చెవుల్లోంచి కూడా వస్తుంది. వ్యాను దిగి నాలుగడుగులు వేసి రోడ్డు పక్క రాయి మీద కూలబడతాడు. వెనక ఆగిన కార్లలోంచి జనం దిగుతారు. ఎవరో బిందెడు నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొస్తారు.

"సల్లనీల్లు కొట్టకండి!" అని కేక వేస్తుంది పైడితల్లి. "పగిలిపోతాడు!"

పైడితల్లి వ్యాను దిగుతుంది. కాలీడ్చుకుంటూ వచ్చి, బిందెలో గోనె ముంచి, కుడిచేత్తో అతని భుజాల మీద పరుస్తుంది. ఎక్కడా తొందరపడదు. మొగుడు నిద్రలో కూడా లెక్కపెట్టే మనిషి, పక్కనే పడుకుని అంతా నేర్చుకుంది. కాసేపు ఆగి, కుడిచేత్తో ఎడమచేతిని పైకెత్తి, దాని వెనక వైపు అతని గుండెకి ఆనిస్తుంది.

"ఒకటి. రెండు. మూడు."

చెయ్యి ఎగిరి వెనక్కొస్తుంది. దానంతటదే.

"ఓలమ్మా! కాల్తంది మావా!" అంటుంది పైడితల్లి. ఎడమచేతి వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ ఏడుస్తుంది, నవ్వుతుంది. "నిజింగా కాల్తంది!"

దాలినాయుడికీ ఏడుపొస్తుంది. ఇంత సంతోషం పెళ్లినాడు కూడా పడలేదు. కన్నీళ్లు బుగ్గల దాకా రాకుండానే చుయ్యిమని ఇగిరిపోతున్నాయి. అటు చూస్తే క్యారేజీ ఖాళీ. వ్యానులో నీళ్ల డబ్బాలే ఉన్నాయి, సీటు లేదు, ఆవిడా లేదు.

బిందె తెచ్చినాయన దాలినాయుడి మొహం మీదికి వంగుతాడు. కళ్లలోకి అనుమానంగా చూస్తాడు.

"ఏమ్మా, ఈయన లోపల, వెనకాల ఎవరో కూకున్నారేంటి?"

పైడితల్లి కూడా వంగుతుంది. అద్దంలోంచి కారు లోపలికి చూసేవాళ్లలా ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, ముందు ఒక కంట్లోకి, తర్వాత రెండో కంట్లోకి చూస్తుంది. అక్కడ ఆకుపచ్చ నేత చీర, పైట చివర గ్రీజు మరక. పైడితల్లి లేచి, భుజం మీదుగా కొంగు సర్దుకుంటుంది.

"మా అత్త," అంటుంది.

మళ్లీ ఎడమచెయ్యి అతని గుండెకి ఆనించి ఒకటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఏడు దగ్గర, తన లోపల ఎక్కడో ఎవరో హ్యాండిలు తిప్పుతూ అద్దం దించుతున్న చప్పుడు దాలినాయుడికి వినిపిస్తుంది. గాలి వస్తోంది.