కెమెరాల వెనక కుర్చీలు

ఐక్యతా సభట, ఐక్యతా సభ! నాయకుడి మాటల్ని చెవిటివాళ్లకు సైగల్లో చెప్పడానికి వేదిక మీద నిలబెట్టిన ఆవిడకు ఒళ్లు మండిపోతోంది. చెప్పించుకోవలసినవాళ్లేరీ? సొంత అన్నయ్యతో సహా అందర్నీ తీసుకెళ్లి కెమెరాల కోసం వేసిన ఎత్తు బల్ల వెనక కూర్చోబెట్టారు. అక్కణ్నుంచి కెమెరావాళ్ల వీపులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇదేం పని అని నిర్వాహకుణ్ని అడిగితే, వాళ్లకెలాగూ వినపడదు కదా, ఎక్కడ కూర్చుంటే ఏం అన్నాడు. పైగా నవ్వొకటి, సిగ్గులేని మొహానికి.

అన్నయ్య చెవిటిపిల్లల బడిలో వడ్రంగం నేర్పేవాడు. పోయిన నెల ఆ బడికి తాళం పడింది. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా ఆఫీసులన్నీ తిరిగినా, ఎందుకు మూశారో చెప్పిన పాపాన ఎవడూ పోలేదు. నాయకుణ్ని ఒక్క మాట అడగనిస్తామంటేనే అన్నయ్య ఈ సభకొచ్చాడు. వేదికెక్కి సైగలు చెయ్యడానికి చెల్లెలూ అందుకే ఒప్పుకుంది.

"మన దేశంలో ఎవరూ వెనకబడకూడదు, అందరం కలిసి నడవాలి" అని నాయకుడు గొంతు చించుకుంటున్నాడు. ఆ మాటల్ని గాలికి సైగ చేస్తుంటే ఆమెకు తన చేతుల మీద తనకే రోత పుట్టింది. చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

నిర్వాహకుడు పళ్లు నూరాడు. నాయకుడు సంగతేమిటో కనుక్కుని, వాళ్లలో ఒకర్ని పైకి తీసుకురండయ్యా అన్నాడు తియ్యగా. ఫొటోకి ఒకడు చాలుగా మరి! అన్నయ్య వచ్చాడు. మెడలో దండ పడింది, భుజం మీద నాయకుడి చెయ్యి పడింది. అన్నయ్య దండ తీసి పక్కన పెట్టి, తన మాట సైగల్లో అడిగేశాడు.

"ఏమంటున్నాడమ్మా?" అన్నాడు నాయకుడు, కెమెరాల వైపే నవ్వుతూ.

దండం పెడుతున్నాడని చెప్పమని నిర్వాహకుడు ఆమె చెవిలో గొణిగాడు. ఆమె మైకు అందుకుంది. "మా బడి" అనేసరికి మైకు కాస్తా ఆగిపోయింది. థూ, ఇదా వీళ్ల బతుకు!

"ఏమన్నాడే తల్లీ, వినపళ్లేదు" అంది ముందు వరసలోని ముసలావిడ.

చెల్లెలు వేదిక దిగి ఆవిడ దగ్గరకెళ్లింది. "మా బడి ఎందుకు మూసేశారని అడుగుతున్నాడమ్మా మా అన్నయ్య."

ముసలావిడ వెనక్కి తిరిగి చెప్పింది. వాళ్లు తమ వెనకవాళ్లకు చెప్పారు. వరస వెంట వరస దాటుతూ మాట ఎత్తు బల్ల దాకా పోయింది. అక్కడ కెమెరా పిల్ల ఒకతె వెనక్కి వంగి, తాళం తిప్పినట్టు చేత్తో చూపించి, వేదిక మీదున్న అన్నయ్య వైపు వేలు పెట్టింది. వెనక కుర్చీలన్నీ కదిలాయి. వాళ్లు ముందుకు నడిచొస్తుంటే జనం లేచి దారిచ్చారు.

నాయకుడి చెయ్యి ఇంకా అన్నయ్య భుజం మీదే ఉంది. అన్నయ్య దాన్ని కూడా తీసి పక్కన పెట్టి, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. ఈసారి దాన్ని నోటితో చెప్పింది హాలంతా.