తన దినం భోజనం

మూడో అంతస్తు మెట్లు తుడిచి, జంఫీరా బకెట్‌లో గుడ్డ పిండుతోంది. ఎడమ మణికట్టు మీద ఎప్పుడో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు, మోకాళ్లకు చుట్టిన ఉన్ని గుడ్డలు. మధ్యాహ్నం తన దినం భోజనం తానే పెట్టుకుంటోంది. అయినా రోజూ చేసే మెట్ల పని ఎగ్గొట్టే మనిషి కాదు.

బతికుండగానే దినం పెట్టుకోవడం రొమేనియాలో ఈ క్రయోవా ఊరి చుట్టుపక్కల పాత ఆచారమే. కానీ జంఫీరాకు ఆచారం కన్నా భయం ఎక్కువ. చొక్కాల మిల్లులో ముప్ఫై ఏళ్లు ఇస్త్రీ చేసి తెచ్చుకున్న పింఛను, మొదట్లో నెలంతా గడిచాక కాస్త మిగిలేది. ఆ మిగులు చావు ఖర్చులకని పిండి డబ్బాలో దాచింది. పింఛను అప్పుడప్పుడూ పెంచుతారు. ఆ సంగతి ఆమెకన్నా ముందు మాంసం కొట్టువాడికి తెలుస్తుంది. ఒకప్పుడు డబ్బాలోది శవపేటికకూ, పాద్రిగారికీ, వీధందరి భోజనానికీ సరిపోయేది. ఇప్పుడు భోజనానికే సరి. ఇంకా ఆగితే కొవ్వొత్తులే వస్తాయి. పేటికకు ప్రభుత్వం ఎంతో కొంత ఇస్తుంది, భోజనం మాత్రం ఎవరు పెడతారు?

పై అంతస్తు గెలూ తడి మెట్ల మీద జాగ్రత్తగా దిగుతూ పలకరించాడు.

"ఏం పిన్నీ, మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, నీకు దినం భోజనాలా?"

"పోరా పోటుగాడా! నేను పోయేనాటికి ఈ డబ్బుకి ఉప్పు కూడా రాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. వస్తావా, రావా?"

"మాంసం ఉందా?"

"క్యాబేజీ ఆకుల్లో చుట్టి వండాం."

"అయితే వస్తా. నీ ఆత్మకి శాంతి!"

వంటింట్లో తుదోరా, దినాల్లో పంచే ఉడికించిన తీపి గోధుమల మీద పంచదార చల్లుతోంది. మిల్లులో పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసిన మనిషి. దాచుకున్నదంతా మొగుడి మందులకే అయిపోయింది. మొగుడూ దక్కలేదు. పొద్దుటినుంచి మొహం ముడుచుకునే పనిచేస్తోంది.

"మూతి అలా పెట్టావేంటే? దినం నాది కదా!"

"నీకు పెట్టుకోడానికైనా ఉంది. రేపు నేను పోతే చెంచాడు గోధుమలు పంచేదెవరే?"

జంఫీరా రొట్టెలు బుట్టలో సర్దింది. ఆ మాట నిజం.

మధ్యాహ్నం పెరట్లో బల్లలు కలిపి వేశారు. ఒక్కొక్క రొట్టెలో ఒక్కొక్క కొవ్వొత్తి గుచ్చారు. పాద్రిగారు ధూపం వెలిగించి, ప్రార్థనలో చదవాల్సిన పేరు అడిగారు.

"జంఫీరా," అంది. గుమ్మం వైపు చూసి, "తుదోరా కూడా," అంది.

"భోజనం మీ ఒక్కరికే అన్నారు కదమ్మా?"

"కుండ ఒకటే, పేర్లు రెండండీ. చదవండి."

"ఒక ఖర్చుతో రెండు చావులు! మా పిన్ని బేరం చూశారా?" అన్నాడు గెలూ. అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ తుదోరా మాత్రం మెడకు చుట్టుకున్న రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. జంఫీరాకు ఒళ్లంతా తేలికయింది. మిల్లు వదిలాక అంత సంతోషం ఆమె ఎరగదు.

కుండ అడుగంటా గీకి తిన్నారు. అందరూ వెళ్లాక, తుదోరా ముందే తీసి దాచిన పళ్లెం లోపలి బల్ల మీద పెట్టింది.

"అందరికీ పెట్టావు, నువ్వు తిన్లేదు."

"కాళ్లు చాపుకుని నిదానంగా తింటాలే. నువ్వు పద, బస్సు పోతుంది."

మర్నాడు మెట్లు పొడిగా ఉండడం గెలూ చూశాడు. తలుపు తట్టాడు, తర్వాత నెట్టాడు. జంఫీరా కిటికీ దగ్గర కుర్చీలో, కాళ్లు ముక్కాలిపీట మీద చాపుకుని, ఎప్పుడో కన్నుమూసింది.

పాద్రిగారు వచ్చి భోజనం సంగతి అడిగారు.

"అయిపోయింది కదండీ, నిన్ననే," అన్నాడు గెలూ, టోపీ తీసి.

కబురందుకుని వచ్చిన తుదోరా బల్ల దగ్గరికి వెళ్లింది. పళ్లెంలో మెతుకు లేదు. రొట్టెముక్కతో అంచులదాకా తుడుచుకు తిన్నట్టు మెరుస్తోంది, దాని మీద అడ్డంగా చెంచా.