గంజిలో తేలిన డబ్బా ముక్క

పెంటప్ప చేతిమిషన్ తెచ్చి అరుగు మీద పెట్టిన రోజు నుంచి నీలం నగర్‌లో ఆ ఒక్క ఇంటికి సూర్యుడు రావడం మానేశాడని చెప్పుకునేవారు. మిషన్ పెద్దదని కాదు. దాని వెనక నిలబడి మీట నొక్కే పెంటప్ప పొట్ట పెద్దది. ఆ రెండూ కలిసి గుమ్మాన్ని మూసేసరికి, పెళ్లయిన నాటి నుంచీ ఆ వెలుతురులోనే బీడీలు చుట్టిన అతని పెళ్లాం చంద్రభాగ చాట పట్టుకుని వంటింటి చీకట్లోకి పోవాల్సి వచ్చింది. అక్కడ ఆకేదో వేలేదో తెలియక, ఒకనాడు తన బొటనవేలికే దారం చుట్టి కట్టలో పెట్టబోయింది.

పెంటప్ప పవర్‌లూములు బాగుచేసే జాబరు. నూలు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే కండెలు అప్పటిదాకా చెక్కవే. అప్పుడప్పుడే ప్లాస్టిక్‌వి వస్తున్నాయి. పాత బకెట్లు, మగ్గులు ముక్కలు చేసి, కరిగించి, ఈ మిషన్‌తో అచ్చులోకి నొక్కితే ఆ కండెలు తనే చేయొచ్చని అతనికి పిచ్చి పట్టుకుంది. హోట్గి రోడ్డులో భంగారు, అంటే విరిగిన పాత సామాను, కొనే ముసలాయన కిటుకు కూడా చెప్పాడు.

"అన్ని కలిపి కరిగియ్యకు పెంటప్పా. ముక్కలు నీళ్లల ఎయ్యి. తేలేటియి ఒక ఇంటిపేరు, మునిగేటియి ఇంకో ఇంటిపేరు. రెండు కలిస్తే కొట్లాటనే."

పెంటప్ప అలాగే తొట్టిలో వేసి, తేలినవే ఏరాడు. అయినా మొదటి కండెలు జనార్దన్ మాలక్ కార్ఖానాలో మగ్గం ఎక్కగానే అప్పడాల్లా విరిగాయి. ఆ చప్పుడుకి అక్కల్‌కోట్ రోడ్డు మీద పోయే సిటీ బస్సు డ్రైవరు టైరు పేలిందనుకుని దిగి, చక్రాలన్నీ తడిమి చూసుకున్నాడట.

"మంగళవారం ఇంకొక్కసారి చూస్త," అన్నాడు జనార్దన్. "గప్పుడు గూడ ఇరిగితే నా మగ్గం దిక్కు రాకు."

"ఇరిగితే మిషన్ భంగారుకే," అని చంద్రభాగ ఇంట్లో తీర్పు చెప్పింది. "నా జాగ నాకు గావాలె."

"సరే తియ్," అన్నాడు పెంటప్ప. అంటూనే, అమ్మేయబోయే దూడను నిమిరినట్టు మీటను నిమిరాడు.

అంటే చంద్రభాగ చేయాల్సిందేమీ లేదు. మంగళవారం దాకా నోరు మూసుకుంటే చాలు.

ఆదివారం పొద్దున పెంటప్ప పగిలిన క్యాసెట్ డబ్బాలు కొడుతుంటే ఒక ముక్క ఎగిరొచ్చి ఆమె తునికాకు నానేసిన బేసిన్‌లో పడింది. పడి, బుడుంగున మునిగింది. అతను చాయ్ తాగడానికి పోయాడు. చంద్రభాగ ఆకుల కింద చెయ్యి పెట్టి ముక్కను తీసింది. ఇలాంటి ముక్కలే ఇందాక తొట్టిలో పైన ఉండటం చూసిందే! తీసుకెళ్లి తొట్టిలో వేసింది. తేలింది. మళ్లీ బేసిన్‌లో వేసింది. మునిగింది. బండ మీద పడేసింది. ఠంగుమంది. బకెట్ ముక్కను పడేసింది. అది డుబ్బుమంది. రెండూ ఒక ఇంటివి కావు.

పక్కింటి శకుంతల తొంగి చూసింది. "ఏందక్కా, ప్లాస్టిక్‌కు తానం బోస్తున్నవా?"

"ఉండే. బఘ్, ఇటు సూడు. గీడ తేలుతది, గాడ మునుగుతది. గట్లెట్ల?"

"మిషన్ పోవాలని నీ నీళ్లకు ఎరికైంది గావచ్చు."

శకుంతల నవ్వుకుంటూ పోయింది. చంద్రభాగ తొట్టిలో వేలు ముంచి చూసింది. వేలు జిగటగా వచ్చింది. నూలుకు పట్టించగా మిగిలిన గంజి!

అప్పుడు ఆమె నోరు గట్టిగా మూసుకుని చాట ముందు కూర్చుంది. చెప్పకపోతే అరుగు తనది. చెప్తే మిషన్‌ది. చేతులు ఆకు చుడుతున్నాయి గానీ మనసు ముక్క చుట్టూ తిరుగుతోంది. ఆ పూట చుట్టిన బీడీలు ఒక్కొక్కటి రోకలంత లావొచ్చాయి. పెంటప్ప వచ్చి చెప్పులు విడిచేదాకా ఆగగలిగింది, అంతే.

"ఏమయ్యా, నీకు నీళ్లు, గంజి ఒక్కటేనా?"

"నల్లా నీళ్లు రేపటిదాక రావు. భంగారుకు మంచినీళ్లు పోస్తరా ఎవలన్న?"

"గంత చిక్కటి గంజిల మునగాల్సినియి గూడ తేలుతయ్. నిన్ను అండ్ల ఏస్తే నువ్వు గూడ తేలుతవ్!"

పెంటప్ప గొంతుక్కూర్చుని ముక్కను ఇందులో ఒకసారి, అందులో ఒకసారి వేశాడు. నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత పెళ్లాం మొహం చూశాడు.

"గిది చెప్తే మిషన్ ఈడనే ఉంటదని నీకు ఎరికె గదనే?"

"ఎరికే. నోరు ఆగలే."

మర్నాడు నల్లా వచ్చింది. మంచినీళ్లలో క్యాసెట్ డబ్బాలు, బ్రష్షు పుల్లలు అడుక్కి పోయాయి. బకెట్లు, మగ్గులు పైన మిగిలాయి. మంగళవారం ఆ పైవాటితో చేసిన కండె నాడె ఎక్కింది. మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. జనార్దన్ నమ్మక, కండెను కింద పడేసి కాలితో తొక్కాడు. మాలక్ చెప్పు తెగింది గానీ కండె విరగలేదు.

పెంటప్ప ఇంటికి వచ్చేసరికి శకుంతల సాయంతో చంద్రభాగ మిషన్‌ను గోడవైపు తోసేసి, గుమ్మం వెలుతురులో చాప పరుచుకుని కూర్చుంది. ఒక పక్క బీడీ చాట, ఇంకో పక్క కడిగి నీళ్లు నింపిన తొట్టి.

"గంత సందులకెల్లి నేను మిషన్ కాడికి ఎట్ల పోవాలె?"

"పొట్ట లోపటికి పట్టుకో."

అతను పొట్ట బిగబట్టి సందులో దూరుతుంటే, ఆమె తొట్టి మీదికి వంగింది. అందులో చెంచా, సబ్బు పెట్టె, గుండీలు, ఇంకా ఏవేవో.

"ఏమయ్యా," అంది తలెత్తకుండానే, "నీ దువ్వెన మునిగింది. గిది ఏ ఇంటిపేరు?"