కుడి బూటు

మనిషి కాలు ఎలా ఉందో బూటు అడుగు చూసి చెప్పేస్తానని నేను గొప్పలు పోకుండా ఉంటే ఈ గొడవే లేదు. నా పేరు చాంద్ బాషా, మాది కడప. సౌదీలోని హుఫూఫ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు, బూట్లు చూసే పని నాది. తొమ్మిదేళ్లు బూట్లు తుడిచినవాడికి ఆ మాత్రం గర్వం ఉండదా? ఆ గొప్ప కాస్తా మేనేజరు చెవిన పడింది. దాంతో నా నోటిదూల తీరింది.

మా జట్టులో విల్మర్ అని ఉరుగ్వే నుంచి వచ్చిన స్ట్రైకర్ ఉండేవాడు. పదిహేడో ఏట సొంత ఊరి జట్టుతో మొదలుపెట్టి, మెక్సికో, గ్రీసు, ఖతర్ తిరిగి, ముప్పై ఏడో ఏట మా దగ్గర తేలాడు. మ్యాచ్ అయ్యాక అందరూ బూట్లు నా ముందు విసిరేసి పోయేవాళ్లు. అతనొక్కడే చేతికిచ్చి, సలాం చెప్పి వెళ్లేవాడు.

రెండువేల పదమూడులో, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాకత్ రూలు గట్టిగా పట్టుకుంది. నన్ను క్లబ్బుకు పంపిన కంపెనీలో సౌదీలు చాలక ఎరుపు గుర్తు పడింది. ఎరుపు పడితే ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. నాది ఇంకో ఇరవై రోజులే ఉందనగా మేనేజరు పిలిచాడు.

“విల్మర్ ఇంకో సీజన్ అడుగుతున్నాడు. మోకాలు బాగుందంటున్నాడు. రేపు అతని బూట్లు తెచ్చి, నిజం చెప్పు. నీ కఫాలా, ఆ పూచీ కాగితం, కంపెనీ నుంచి క్లబ్బు పేరుకు మార్పిస్తాను. ఇకామా వచ్చేస్తుంది,” అన్నాడు.

నిజం నాకు మూడు నెలలుగా తెలుసు. ఎడమ బూటు అడుగున పట్టుకోసం ఉండే ముళ్లు, స్టడ్లు, అరిగిపోయాయి. కుడివి కొత్తవాటిలా ఉన్నాయి. కుడి కాలు ఆనించడానికే అతను భయపడుతున్నాడు.

గదిలో ఇస్సాక్‌కు చెప్పాను. రాయచోటివాడు, నీళ్ల ట్యాంకరు తోలుతాడు.

“చెప్పేయప్పా. ఆయప్పకు ఇల్లుండాది, పేరుండాది. నువ్వు పోయి ఏం జేస్తావు? మేరాజ్‌కు ఏం జెప్తావు?” అన్నాడు.

మేరాజ్ నా భార్య. ఇస్సాక్ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు మనసొప్పలేదు. మర్నాడు పొద్దున్నే కుడి బూటు స్టడ్లను సిమెంటు గట్టు మీద రుద్ది, ఎడమదానితో సమానంగా అరగదీశాను.

మేనేజరు కంటే ముందు విల్మర్ వచ్చాడు. బూట్లు తొడిగి రెండడుగులు వేసి ఆగాడు. కుడిది విప్పి తిరగేశాడు. గట్టు మీద నల్లటి పొడి ఇంకా ఉంది.

“నా కాలి గురించి ఎవరడిగారు?” అన్నాడు తనకొచ్చిన అరబ్బీలో.

ఇకామా సంగతితో సహా అన్నీ చెప్పేశాను. అతను రెండో బూటు కూడా విప్పి గట్టు మీద పెట్టాడు. తర్వాత మేజోళ్లతోనే ఆఫీసు వైపు నడిచాడు. ఈసారి కుంటు దాచుకోలేదు.

గంట తర్వాత మేనేజరు వచ్చి నా భుజం తట్టాడు. వెనకే విల్మర్ ఉన్నాడు.

“నువ్వు బూట్లు చూసి పట్టేశావట, ఇక దాచి లాభం లేదని ఒప్పుకున్నాడు. ఆట మానేస్తున్నాడు. నువ్వు నమ్మకస్తుడివి,” అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. విల్మర్ వద్దన్నట్టు తల ఊపాడు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

కొత్త ఇకామా వచ్చింది. మేరాజ్ ఫోనులో సంతోషంతో ఏడ్చింది. క్లబ్బులో మాత్రం విల్మర్‌ను పట్టిచ్చింది నేనేనని అందరి నమ్మకం. కాదని తెలిసినవాడు ఉరుగ్వేలో ఉన్నాడు. ఇప్పుడు బూట్లు నా ముందు ఎవరూ విసిరేయరు. ఎవరివి వాళ్లే తుడుచుకుని, సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తున్నారు.