ఎల్లేష్‌కి పాసా, టికెట్టా

మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయే పొద్దుటి లోకల్‌లో మూడో పెట్టె పేకాట వాళ్లది. ఎక్కగానే ఒళ్లో సంచి పరిచి ముక్కలు పంచుకుంటారు. బొల్లారం వచ్చేసరికి తగువు పడతారు, మల్కాజిగిరిలో మళ్లీ కలిసిపోతారు. ఎల్లేష్ గోదాంలో మూట మోస్తూ కుప్పకూలి ప్రాణం విడిచిన మర్నాడు కూడా వచ్చి తన చోట కూర్చుంటే, పక్కనున్న ఓదెలు కాస్త జరిగి అతని ముక్కలు అతనికి పంచాడు. పాస్‌లో ఇంకా రోజులున్నాయి మరి. పాస్ ఉన్న మనిషి పోయినా గడువు తీరేదాకా వస్తూ పోతూ ఉంటాడు. ఈ లైన్లో అదెవరికీ వింత కాదు. టీసీ కూడా తేదీ చూసి పాస్ తిరిగిచ్చేశాడు.

ఎల్లేష్‌కి స్టేషన్ గేటు దాటి ఇంటికి రావడమే కుదరదు. అందుకే అతని భార్య దుర్గాబాయి శామీర్‌పేట దారిలోని మొక్కల నర్సరీలో కూలి పని మానేసి, పొద్దునా సాయంత్రం మొగుడి పక్కన కూర్చుని తిరిగింది. ఇంట్లో పొయ్యి వెలగక కూతురు శృతి బిస్కెట్లు తిని బడికి పోతోంది. అది తెలిసినా దుర్గాబాయి కాళ్లు స్టేషన్ వైపే లాగాయి.

నిన్నటితో పాస్ అయిపోయింది. ఇక ఇంటివాళ్లు తేల్చుకోవాలి. మళ్లీ పాస్ తీస్తే మనిషి ఇలాగే తిరుగుతాడు. ఒక వైపు టికెట్ తీస్తే పోతాడు, మళ్లీ రాడు. ఏదీ తీయకపోతే ప్లాట్‌ఫాం మీదే ఎండకూ వానకూ నిలబడిపోతాడు.

"పాసా, టికెట్టా అక్కా?" కౌంటర్లోంచి సుప్రజ అడిగింది.

"పాసే. మూడు నెలలది ఇయ్యి చెల్లే."

"జర సోచాయించు అక్కా. శంకరయ్య తమ్మున్ని చూస్తనే ఉన్నవు గదా."

చూస్తూనే ఉంది. అదే బండిలో వచ్చే శంకరయ్య, చనిపోయిన తన తమ్ముడికి పాస్ మీద పాస్ తీస్తూనే ఉన్నాడు. ఆ తమ్ముడు బాలనర్సయ్య తలుపు పక్కన కూర్చుని, అన్న ఎంత పిలిచినా కిటికీలోంచి బయటకే చూస్తాడు. ఇప్పుడు తన పేరు కూడా తనకు తెలీదు.

"నా మొగడు అట్ల గాడు!" దుర్గాబాయి అరిచింది. అంతలోనే చేతులు జోడించింది. "నీ కాళ్లు మొక్కుత తల్లీ, ఇయ్యి. ఆయన లేకుంట నేను బతకలేను."

వెనక లైన్లో ఎవరూ తొందర పెట్టలేదు. సుప్రజ కంప్యూటర్ మీద చెయ్యి వేసింది. అంతలో ప్లాట్‌ఫాం మీద బెంచీ దగ్గర్నుంచి ఎల్లేష్ పిలిచాడు.

"దుర్గా, మన పిల్ల పేరేందే? పొద్దుగాల సంది నోట్లనే ఉంది, బయటికి వస్తలేదు."

దుర్గాబాయి అతని వైపు తిరిగింది. "శృతి," అంది.

"ఆ, శృతి. తిన్నదా పిల్ల?"

దుర్గాబాయి మళ్లీ కౌంటర్ వైపు తిరిగింది.

"పాస్ వద్దు చెల్లే. నాకు రానుపోను టికెట్ ఇయ్యి. ఆయనకు పోవుడుది ఒక్కటే."

బండిలో ఓదెలు ముక్కలు తియ్యలేదు. ఎల్లేష్ టికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది ఒక్క దిక్కుదే గదా. మరి నీదో?"

"నాది రానుపోను."

"మంచి పని జేసినవ్," అన్నాడతను. దారంతా ఆమె చెయ్యి వదల్లేదు.

సికింద్రాబాద్‌లో ఎల్లేష్ తువ్వాలు భుజాన వేసుకుని జనంలో కలిసి నడిచాడు. దుర్గాబాయి పిలవబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. అతను వెనక్కి తిరగలేదు. తిరుగుబండిలో ఆమె మేడ్చల్ దాకా వెక్కి వెక్కి ఏడ్చింది.

మధ్యాహ్నం శృతి బడిలో గంట కొట్టేసరికి, వేడి అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.